కిటికీ పక్కన వేలాడే కేబుల్ తీగలు: కోయాలా, మూత బిగించాలా, ఎర్తు చేయాలా?

అనంతపురం నుంచి ఒక సోదరి రాశారు. పేరూ వీధీ వేయవద్దన్నారు. ఆమె ప్రభుత్వ పాఠశాలలో టీచరు. భర్త బెంగళూరులో ఉద్యోగం చేస్తూ రెండు వారాలకోసారి వచ్చి వెళ్తారు. ఇంట్లో ఆమె, అత్తగారు, ఇంటర్మీడియట్ చదువుతున్న కొడుకు ఉంటారు. 1998లో మామగారు కట్టించిన ఇల్లు అది. ఆయన ఇప్పుడు లేరు. మేడ మీద వాటా అద్దెకిచ్చారు.

ఆ ఇంటికి మూడు రకాల తీగలు వచ్చి చేరాయి. మొదటిది కేబుల్ టీవీ తీగ. వీధిలోని కరెంటు స్తంభం మీదుగా వచ్చి, పిట్టగోడ దాటి, మెట్ల గూట్లోకి దిగి, అక్కడ స్ప్లిట్టరు దగ్గర నాలుగు గదులకు చీలుతుంది. రెండోది డిష్. దాని నుంచి ఒక తీగ మేడమీది వాటాలోకి, మరొకటి కింది హాల్లోకి దిగుతాయి. మూడోది ఫైబర్ ఇంటర్నెట్. అది వచ్చాక కింద కేబులూ డిష్షూ రెండూ మానేశారు. మానేసిన ఆ రెండు నల్ల తీగలూ హాల్లో కిటికీ పక్కన వట్టి కొసలతో వేలాడుతున్నాయి.

కిందటి వేసవిలో అత్తగారు తడిగుడ్డతో కిటికీ తుడుస్తుంటే ఆ కొసలు చేతికి తగిలి "జివ్వుమంది" అన్నారట. వయసైంది, నరాల బలహీనత అని అందరూ కొట్టిపారేశారు. కొన్నాళ్లకు ఉరుములు మెరుపులతో వాన వచ్చిన సాయంత్రం దగ్గరలో పిడుగు పడి మేడమీది వారి సెట్‌టాప్ బాక్సు, వీరి టీవీ, ఇంటర్నెట్ మోడెం ఒకేసారి కాలిపోయాయి. అప్పుడు కొడుకు టెస్టరు పెట్టి చూస్తే రెండు కొసల దగ్గరా దీపం వెలిగింది. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, అత్తగారు హాల్లోకి రావడం లేదు.

ఇక సలహాలు. ఎలక్ట్రీషియన్ "అన్నీ కోసి పారేయండి" అన్నాడు. పాతూరులో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే అతను "కొసలకు మూతలు బిగిస్తే సరిపోతుంది" అన్నాడు. మేడ మీద అద్దెకున్నాయన "డిష్‌కు గోడ పక్కన విడిగా ఒక రాడ్డు పాతి ఎర్తు ఇవ్వండి, కాలిపోయిన నా బాక్సు ఖరీదు కూడా మీరే ఇవ్వాలి" అంటున్నారు. కేబుల్ నడిపేది భర్తకు స్వయానా మేనత్త కొడుకు. ఆ తీగలన్నీ తన చేతులతో లాగిన మనిషి. "కోయవద్దమ్మా, వీధిలో సగం ఇళ్లకు సిగ్నల్ పోతుంది. రేపు మళ్లీ మీకే కావాల్సి వస్తుంది" అంటాడు. భర్త ఫోనులో "బావతో గొడవ పెట్టుకోకు, అలాగే వదిలెయ్" అంటారు. ఎవరి మాట వినాలి, తనకు అన్నయ్య వరసయ్యే ఆ కేబుల్ ఆయన్ను నొప్పించకుండా ఈ తీగల సంగతి తేల్చుకునే దారి ఉందా, అద్దెవారికి డబ్బు ఇవ్వాలా అని ఆమె అడుగుతున్నారు. ఉత్తరం చివర ఇంకో మాట కలిపారు. మెట్ల గూట్లో చిన్న ఇనుప డబ్బా ఒకటి ఎప్పుడూ వెచ్చగా ఉంటుందట, చలికాలంలో పిల్లి దాని మీదే పడుకుంటుందట. దాన్ని కూడా తీసేయవచ్చా అని.

అమ్మా,

ముందు మీ అత్తగారి పక్కన కూర్చుని ఒక మాట చెప్పండి. ఆమె చేతికి తగిలింది కరెంటే, నరాల బలహీనత కాదు. తడి చెయ్యి, నేల మీద ఉత్త కాళ్లు, బయటపడిన తీగ కొస ఒక్కచోట కలిసినప్పుడు ఆమె ఒంటికి తెలిసిన సంగతినే తర్వాత మీ అబ్బాయి టెస్టరు చూపించింది. ఇంట్లో మొదటి హెచ్చరిక ఆమె నోటి నుంచే వచ్చింది. మబ్బు పట్టినప్పుడు ఆ తీగల వైపు వెళ్లకపోవడం కూడా చాదస్తం కాదు. ఉరుములు ఉరుముతున్నప్పుడు బయటి నుంచి వచ్చిన ఏ లోహపు తీగకైనా దూరంగా ఉండడమే సరైన పని. ఇది ఆమెకు మీ నోటి నుంచే వినిపించాలి.

పని తేలేవరకు ఆ కొసలను ఎవరూ ముట్టకూడదు. ఎలక్ట్రీషియన్ చేత వాటికి ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టించి, చేతికి అందని ఎత్తులో కిటికీకి ఎడంగా కట్టించండి. ఇది తాత్కాలికమే. టేపు చుట్టినంత మాత్రాన తీగలో ఉన్నది ఎక్కడికీ పోదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించినది మీరు చివర్న రాసిన పిల్లి సంగతి. వెచ్చగా ఉండే ఆ డబ్బా యాంప్లిఫయరు అయి ఉంటుంది. దూరం పోయేకొద్దీ కేబుల్లో సిగ్నల్ బలహీనపడుతుంది. దాన్ని మధ్యలో పెంచి ముందుకు పంపడానికి ఇలాంటి డబ్బాలు పెడతారు. వెచ్చగా ఉందంటే అందులో కరెంటు నడుస్తోందని అర్థం. అంటే మీ అన్నయ్య చెప్పినది మిమ్మల్ని భయపెట్టడానికి అన్న మాట కాదు, ఉన్న మాటే. స్ప్లిట్టరు నుంచి మీ గదులకు వెళ్లే తీగలు మీరు వాడనివి. కానీ వీధి నుంచి మెట్ల గూటిదాకా వచ్చి, మళ్లీ మిద్దె మీదుగా పక్కిళ్లకు పోయే తీగ ఇప్పటికీ పనిలో ఉంది. ఇన్నాళ్లూ మీరంతా "వాడని తీగలు" అని ఒకే పేరుతో పిలుస్తున్న వాటిలో కొన్ని మీరు మాత్రమే వాడనివి.

ఆ డబ్బాకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. దాని ప్లగ్గు మీ సాకెట్టులో ఉంటే ఆ ఖర్చు మీ మీటరు మీద పడుతోంది. ప్లగ్గు కనిపించకపోతే కేబుల్ గుండానే వస్తుండవచ్చు. కేబుల్ నెట్‌వర్కుల్లో 60 వోల్టుల ఏసీని సిగ్నల్‌తో పాటు అదే తీగలో పంపి యాంప్లిఫయర్లను నడిపే పద్ధతి ఉంది. మీ ఎలక్ట్రీషియన్ కటింగ్ ప్లయరుతో అలాంటి తీగను కోస్తే లోపలి రాగి తీగా దాని చుట్టూ ఉండే సన్నని తీగల అల్లికా కలిసిపోయి అక్కడికక్కడే షార్టవుతుంది. అందుకే "అన్నీ కోసి పారేయండి" అన్న సలహాను పక్కన పెట్టండి. కోయవలసినవి ఉన్నాయి, కానీ ఏది ఏదో తెలిశాకే. ఆ డబ్బా ఒంటికి ఎర్తు ఉందో లేదో తేలేవరకు అబ్బాయినీ పిల్లినీ కూడా దానికి దూరంగా ఉంచండి.

ఇక జివ్వుమన్నది ఎక్కడిదో చూద్దాం. కేబుల్ తీగను అడ్డంగా కోస్తే నట్టనడుమ ఒక్క లోహపు తీగ, దాని చుట్టూ తెల్లటి నురుగులాంటి ప్లాస్టిక్కు, దాని మీద వెండిరంగు రేకు, సన్నని తీగల అల్లిక, అన్నిటి మీదా నల్ల తొడుగు కనిపిస్తాయి. చేతికి తగిలేది చాలాసార్లు ఆ అల్లికే. దానిలోకి కరెంటు చేరే దారులు మీ ఇంట్లో మూడు కనిపిస్తున్నాయి.

ఒకటి మేడ మీద నుంచి. సెట్‌టాప్ బాక్సుల్లో, అడాప్టర్లలో చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, ఎర్తు పిన్ను ఉండదు. వాటి లోపల విద్యుత్ అలజడిని తగ్గించడానికి పెట్టే చిన్న కెపాసిటర్ల గుండా 230 వోల్టుల్లో ఇంచుమించు సగం బాక్సు లోహభాగం మీదికి వచ్చి నిలుస్తుంది. మీటరులో అంకె చూస్తే భయం వేస్తుంది గానీ, బాక్సు బాగున్నంతవరకు దాని వెనుక పారగలిగిన కరెంటు మిల్లీ ఆంపియరులో ఏ కొంచెమో. ఒంటికి జివ్వుమనిపిస్తుంది, అంతే. మరి మేడమీది బాక్సు కింద మీ కిటికీకి ఎలా వచ్చింది? డిష్ ముందు చాచిన కొమ్ము చివర సిగ్నల్‌ను అందుకునే చిన్న డబ్బా, ఎల్‌ఎన్‌బీ, ఉంటుంది కదా, రెండు తీగల అల్లికలూ దాని లోహపు ఒంటి దగ్గర ఒకటవుతాయి. పై బాక్సు నుంచి డిష్ దాకా ఎక్కిన కరెంటు రెండో తీగ పట్టుకుని మీ హాల్లోకి దిగుతుంది.

రెండోది ఆ యాంప్లిఫయరు. అది కూడా ఎర్తు లేని ప్లగ్గు మీద ఉంటే కేబుల్ టీవీ తీగలోనూ ఇదే కథ.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. కరెంటు స్తంభాల మీదుగా లాగిన కేబుల్ గాలికి ఊగి, ఎండకు దాని తొడుగు పగిలి, ఎక్కడో ఒకచోట ఫేజు తీగ అల్లికను తాకితే 230 వోల్టులు నేరుగా మీ కిటికీ పక్కకు వచ్చి కూర్చుంటాయి. దాని వెనుక ఉన్నది వీధి ట్రాన్స్‌ఫార్మరు. అది జివ్వుమనిపించి ఊరుకోదు, ప్రాణం తీస్తుంది.

ఈ మూడింటికీ టెస్టరు ఒకేలా వెలుగుతుంది. ఆ దీపానికి అతి కొద్ది కరెంటు చాలు, అది దొంగనూ దొరనూ ఒకే కంటితో చూస్తుంది. కాబట్టి "టెస్టరు మందంగానే వెలిగింది, ఏమీ కాదు" అనే మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు. మేడమీది వారి బాక్సు ప్లగ్గు తీయించి ఎలక్ట్రీషియన్ చేత మళ్లీ చూపించండి. డిష్ తీగ కొసలో దీపం ఆరిపోతే దాని మూలం ఆ బాక్సే. తర్వాత యాంప్లిఫయరు ప్లగ్గు తీయించి కేబుల్ తీగ కొస చూపించండి. అదీ ఆరిపోతే మంచిదే. ఆరకపోతే వీధి వైపు అనుమానించాలి. అప్పుడు అతను అల్లికకూ ఇంటి ఎర్తుకూ మధ్య 60 లేదా 100 వాట్ల పాత గుండు బల్బు పెట్టి చూస్తాడు. బల్బు ఎర్రగా మిణుకుమన్నా అది అడాప్టరు లీకేజీ కాదు. ఇంటి ఎర్తు బాగా ఉంటేనే ఈ పరీక్షకు విలువ. ఎర్తు చచ్చిపోయిన ఇంట్లో అసలు కరెంటు ఉన్నా బల్బు వెలగకపోవచ్చు. అందుకే ముందు ఎర్తు చూడమనండి. వీధి నుంచి వస్తోందని తేలితే ఆ రోజే మీ అన్నయ్యకూ, 1912 నంబరుకు ఫోను చేసి కరెంటు వారికీ చెప్పాలి. వారు వచ్చేవరకు మిద్దె మీద బట్టలు ఆరేయడానికి కూడా ఎవరూ ఎక్కకూడదు.

ఇప్పుడు దుకాణం అతను చెప్పిన మూతలు. అతను అబద్ధం చెప్పలేదు, వేరే జబ్బుకు మందు చెప్పాడు. ఆ మూతలో 75 ఓముల చిన్న రెసిస్టరు, అంటే కరెంటును అడ్డుకునే ముక్క, ఉంటుంది. ఆ అడ్డుకు కొలత ఓము. కేబుల్ తీగ స్వభావమే 75 ఓములు. సిగ్నల్ నడిచే తీగ కొస ఖాళీగా ఉంటే అక్కడిదాకా పోయిన సిగ్నల్ వెనక్కి తన్నుకొచ్చి మిగతా తీగల్లోని సిగ్నల్‌ను చెడగొడుతుంది. అనలాగ్ రోజుల్లో తెర మీద మనిషి పక్కనే మసకగా ఇంకో మనిషి నిలబడేవాడు, గుర్తుంటుంది మీకు. ఇప్పటి డిజిటల్ ప్రసారాల్లో అదే లోపం బొమ్మ గళ్లుగళ్లుగా విరగడంగా, మాట తెగిపోవడంగా కనిపిస్తుంది. 75 ఓముల మూత ఆ సిగ్నల్‌ను తనలో ఇముడ్చుకుని వెనక్కి రానివ్వదు. మీ మెట్ల గూట్లో స్ప్లిట్టరుకు నాలుగు నోళ్లున్నాయి. గదులకు వెళ్లే తీగలు విప్పేశాక ఖాళీ అయ్యే ఆ నోళ్లకు ఈ మూతలు బిగించడం వీధిలోని వారికి మంచిది. మీ హాల్లో వేలాడే కొసకు మూత బిగిస్తే దుమ్ము చేరదు, నడిమి తీగకు వేలు తగలదు. అల్లికలో ఉన్న కరెంటు మాత్రం అలాగే ఉంటుంది, ఆ లోహపు మూత ఒంటి మీదికి కూడా వస్తుంది. మూత ఎర్తు కాదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. డిష్ తీగకు అవతలి కొసన సెట్‌టాప్ బాక్సు ఉంటే మామూలు మూత బిగించకూడదు. బాక్సు ఆ తీగ గుండానే 13 లేదా 18 వోల్టుల డీసీ పైకి పంపి ఎల్‌ఎన్‌బీని నడుపుతుంది. 18 వోల్టులు 75 ఓముల గుండా పోతే నాలుగు వాట్లకు పైగా వేడి. బఠాణీ గింజంత రెసిస్టరు దాన్ని తట్టుకోలేదు, మాడిపోతుంది. డీసీని ఆపే రకం మూతలు విడిగా దొరుకుతాయి. మీ కింది తీగకు బాక్సే లేదు కాబట్టి మీకు ఆ అవసరం కూడా లేదు.

అద్దెకున్నాయన చెప్పిన విడి రాడ్డు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. డిష్‌కు ఎర్తు ఉండాలన్న ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. దాన్ని విడిగా పాతాలన్నది మాత్రం తప్పు. అందులోనూ మీ ఊళ్లో ఇంకా తప్పు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మీది. పలచని ఎర్రమట్టి, కొంచెం తవ్వితే రాయి. అలాంటి ఎండు నేల కరెంటును తేలిగ్గా తనలోకి తీసుకోదు. దగ్గరలో పిడుగు పడినప్పుడు ఆ నేలలోనే చోటికీ చోటికీ మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. డిష్‌కు గోడ పక్కన ఒక ఎర్తు, టీవీ ప్లగ్గుకు ఇంటి ముందున్న ఎర్తు ఉంటే, ఆ రెండింటి మధ్య తేడా అంతా కేబుల్ పట్టుకుని బాక్సులోంచి, టీవీలోంచి పారుతుంది. ఖర్చు పెట్టి పిడుగుకు దారి వేసినట్టవుతుంది.

కాబట్టి ఇల్లంతటికీ ఎర్తు ఒక్కటే ఉండాలి. డిష్ స్తంభం నుంచి మందపాటి రాగి తీగ ఇంటి బయటి గోడ వెంట, వీలైనంత తిన్నగా, మెలికలు లేకుండా దించి మెయిన్ బోర్డు ఎర్తుకు కలపాలి. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఈ తీగకు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి అని ఉంది. కేబుల్ లోపలికి వచ్చేచోట గోడ బయటే ఒక ఎర్తు బ్లాకు పెట్టాలి. రెండు వైపులా కేబుల్ బిగించుకునే చిన్న లోహపు ముక్క అది. దాని మీది స్క్రూకు బిగించిన తీగను కూడా అదే ఎర్తుకు చేర్చాలి. దీనికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి చాలు. రెండో గుంత తవ్వక తప్పకపోతే రెండు గుంతలనూ మందపాటి తీగతో కలిపేయాలి. పూర్వంలా నల్లా పైపుకు కట్టడం ఇప్పుడు పనికిరాదు, మధ్యలో ఎక్కడో ప్లాస్టిక్కు పైపు వచ్చి ఉంటుంది. ఎర్తు అందలేదని న్యూట్రల్‌కు కలిపే పనివాళ్లు ఉన్నారు, అది చేయనివ్వవద్దు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే మిద్దె మీది డిష్ మొత్తం 230 వోల్టులతో నిలబడుతుంది.

1998 నాటి మీ ఎర్తు గుంత సంగతి కూడా చూడండి. సాధారణంగా రెండున్నర మీటర్ల జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి దింపుతారు. ఇన్నేళ్లలో పైపుకు తుప్పు పట్టి ఉండవచ్చు, పైన తీగను పట్టి ఉంచే బోల్టు వదులై ఉండవచ్చు. ఎండాకాలంలో గుంతలో నీళ్లు పోసే అలవాటు మామగారికి ఉండి ఉంటే, ఆయన తర్వాత ఎవరైనా పోస్తున్నారా? ఎర్తు టెస్టరు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. మీ నేలలో ఎంత చేసినా ఓములు బాగా తగ్గకపోవచ్చు. అందుకు దిగులు పడవద్దు. అన్నీ ఒకే చోట కలిసి ఉండడం ఆ అంకె కంటే ముఖ్యం.

ఇక తీగలను ఒక్కొక్కటిగా చూద్దాం. డిష్ నుంచి మీ హాల్లోకి దిగే తీగకు రెండు దారులు. మళ్లీ డిష్ పెట్టించుకునే ఆలోచన లేకపోతే మిద్దె మీద ఎల్‌ఎన్‌బీ దగ్గరే విప్పించి, అక్కడ ఖాళీ అయిన నోటికి వాన నీరు దిగకుండా రబ్బరు మూత పెట్టించి, తీగను మొత్తంగా లాగేయించండి. రెండు కొసలూ విడిపోయిన తీగ వట్టి తీగ, దానికి ఎర్తూ అక్కర్లేదు, మూతా అక్కర్లేదు. ఉంచుకుంటే మాత్రం పైన చెప్పిన ఎర్తు బ్లాకు గుండానే లోపలికి రావాలి. నేనైతే తీయించేస్తాను. గోడ లోపలి పైపుల్లో గదులకు వెళ్లిన కేబుల్ ముక్కలను మాత్రం తొందరపడి లాగకండి. రేపు ఇంటర్నెట్ తీగ వేరే గదికి కావాలంటే పాత కేబుల్ కొసకు కొత్త తీగ కట్టి లాగితే గోడ పగలగొట్టకుండా పని అవుతుంది. అప్పటిదాకా రెండు కొసలూ విప్పి, టేపు చుట్టి పెట్టెల్లో మూసి ఉంచితే చాలు.

స్తంభం నుంచి వచ్చే తీగ వేరు. దాన్ని మీ ఇంటి వైపు కోసి, వీధి వైపు వదిలేస్తే ప్రమాదం ఉన్న కొస అలాగే ఉంటుంది, కిటికీ నుంచి పిట్టగోడ మీదికి జరుగుతుంది అంతే. దాని అల్లికను మీ ఎర్తుకు కలపడం కూడా వీధిలో ఏముందో తెలియకుండా చేయకూడదు. ఎక్కడో ఫేజు తగిలి ఉంటే ఆ కరెంటంతా మీ ఎర్తు తీగ గుండా పారుతుంది. అది మీ మీటరు దాటి వచ్చిన కరెంటు కాదు కాబట్టి మీ ఇంటి ఆర్‌సీసీబీ (ఎర్తులోకి కరెంటు కారితే సరఫరా ఆపేసే స్విచ్చి) దాన్ని గుర్తించదు, ట్రిప్పు కాదు. ఈ తీగను స్తంభం దగ్గరే విప్పాలి. అది కేబుల్ నడిపేవారు కరెంటు వారికి చెప్పి చేయవలసిన పని. అబ్బాయి గానీ, ఎలక్ట్రీషియన్ గానీ స్తంభం జోలికి పోకూడదు.

ఇవన్నీ చేశాక పిడుగు భయం పూర్తిగా పోతుందా అంటే, పోదు. నేరుగా ఇంటి మీద పడిన పిడుగును ఈ ఏర్పాట్లేవీ ఆపలేవు. దగ్గరలో పడిన పిడుగు తాకిడిని మాత్రం బాగా తగ్గిస్తాయి. మీ మోడెం కాలడానికి కేబుల్ కారణం కాకపోవచ్చు కూడా. ఫైబరులో వెలుగే నడుస్తుంది, గాజు కరెంటును మోయదు. ఆ దెబ్బ దాని అడాప్టరు గుండా కరెంటు లైను నుంచే వచ్చి ఉంటుంది. అందుకని మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టరు (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని ఎర్తులోకి మళ్లించే పరికరం) ఒకటి పెట్టించండి, అది కూడా మంచి ఎర్తు ఉంటేనే పనిచేస్తుంది. ఇంకొక చిన్న సంగతి: ఇళ్లకు లాగే ఫైబరు తీగల్లో బరువు మోయడానికి ఒక ఉక్కు తీగ ఉండే రకం ఉంది. మీది అదే రకమైతే ఆ ఉక్కు తీగను గోడ బయటే ఆపి, గాజు భాగాన్ని మాత్రమే లోపలికి తెమ్మనండి. ఉరుములు మొదలు కాకముందే, మబ్బు కమ్ముకుంటున్నప్పుడే, టీవీకి ప్లగ్గూ కేబులూ రెండూ తీసేయాలి. ఒక్క ప్లగ్గు పీకి ఊరుకుంటే సగం పనే. ఉరుములు మొదలయ్యాక దేన్నీ ముట్టవద్దు.

అన్నయ్య సంగతికి వస్తాను. ఆయన్ను పక్కనపెట్టి బయటి మనిషి చేత కోయిస్తే వీధిలో టీవీలు ఆగిపోతాయి, నలుగురిలో ఆయనకు తలవంపు, మీకు ఒక చుట్టరికం చేదెక్కుతుంది. అలాగే వదిలేస్తే మీ ఇంట్లో ముసలి మనిషీ, పిల్లవాడూ రోజూ ఆ కొసల పక్కన తిరుగుతారు. ఈ రెంటికీ మధ్య దారి ఉంది, అది ఆయన గుండానే పోతుంది. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆయనొక్కడే. తన మేనమామ ఇంటికని ప్రేమగా చేసిన పని అది. అందుకని "తీసేయి" అని అడగవద్దు. "అన్నయ్యా, అత్తయ్యకు షాకు కొట్టింది. ఏ తీగ ఎవరిదో నువ్వే వచ్చి చూపించాలి" అనండి. మీ అత్తగారే ఫోను చేస్తే ఇంకా మంచిది. మేనమామ భార్య పిలిస్తే ఆయన కాదనడు. తగిలిన చెయ్యి కూడా ఆమెదే.

వచ్చాక ఆయన ముందు పెట్టవలసిన కోరికలు కొద్దివే. ప్రతి తీగకూ ఒక చీటీ కట్టి దాని మీద పేరు రాయాలి. మీ గదులకు వెళ్లేవాటిని స్ప్లిట్టరు దగ్గర విప్పి, ఖాళీ నోళ్లకు 75 ఓముల మూతలు బిగించాలి. ఆ పనితో వీధిలో ఆయన ఇచ్చే బొమ్మే బాగుపడుతుంది, కాబట్టి సంతోషంగానే చేస్తాడు. యాంప్లిఫయరు దగ్గర మాత్రం మీరు కొంచెం నిలబడాలి. దాన్ని బయటికి, తన సొంత కరెంటు ఏర్పాటు మీదికి మార్చుకుంటే మీకు పూర్తి నిశ్చింత, ఆయనకు కొంత ఖర్చు, కొంత సమయం. మీ ఇంట్లోనే ఉండనిస్తే ఆయనకు సుఖం. అప్పుడు దాని ఒంటికి మీ ఇంటి ఎర్తు ఇవ్వాలి, వీధి తీగ భద్రంగా ఉందని తేల్చుకున్న తర్వాతే. మెట్ల గూటికి తలుపూ తాళమూ ఉండాలి, తాళంచెవి మీ దగ్గరా ఆయన దగ్గరా ఉండాలి. కరెంటు ఖర్చు సంగతి ఎత్తాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా ఉద్దేశంలో మొదటి రోజు ఎత్తవద్దు. షాకు సంగతీ డబ్బు సంగతీ ఒకేసారి మాట్లాడితే చివరికి డబ్బు మాటే మిగులుతుంది.

మీ వారికి కోపం తెచ్చుకోకుండా ఒక్క మాట చెప్పండి: ఇది బావతో గొడవ కాదు, బావ చేత చేయించే పని. మీ వారు ఊరికి వచ్చే ఆదివారం చూసి అందరినీ పిలవండి. మిద్దె మీద ఎలక్ట్రీషియన్, అన్నయ్య, మీ వారు ముగ్గురూ ఒకేసారి ఉంటే ఒకరు చెప్పింది ఇంకొకరు కాదనకుండా పని అవుతుంది. పరీక్షలు ముందు (వాటిలో మొదటిది ఎర్తు కొలత), ఎర్తు గుంత బాగుచేయడం తర్వాత, తీగలు విప్పడం ఆ తర్వాత. ఈ వరస మార్చవద్దు.

చివరగా అద్దెవారి బాక్సు. పిడుగు మీరు వేసింది కాదు కాబట్టి మొత్తం మీ మీద వేయడం న్యాయం కాదు. అలాగని ఎర్తు చూసుకోవలసిన బాధ్యత ఇంటి యజమానిది కాకుండా పోదు, డిష్‌కు ఎర్తు లేదని మీ ఇద్దరికీ ముందే తెలియాల్సింది. పూర్తిగా ఇస్తే రేపు ప్రతి వస్తువుకూ అదే లెక్క వస్తుంది. అసలు ఇవ్వకపోతే, మీరు బడికి వెళ్లినప్పుడు మీ అత్తగారికి తోడుగా మేడ మీద ఉండే కుటుంబంతో మనసులు విరుగుతాయి. ఎర్తింగు ఖర్చంతా మీరు భరించి, బాక్సులో సగం ఇవ్వడం నాకు సబబుగా తోస్తోంది. ముందు బాక్సు కంపెనీ వారిని అడిగి చూడమనండి, మరమ్మతుతోనో తక్కువ ధరకు మార్పిడితోనో సరిపోతుందేమో. కొత్త బాక్సు మాత్రం డిష్‌కు ఎర్తు పని పూర్తయిన తర్వాతే తగిలించమని ఆయనతో చెప్పండి.